అడవిలో బండిని ఆపేది ఎఫ్ఐ కాదు

మా మేనల్లుడు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. ఉద్యోగం ఇంకా రాలేదు గానీ మొదటి జీతంతో కొనాల్సిన బండి మాత్రం ఖాయమైపోయింది. పాత హీరో ఇంపల్స్. 2011లో వచ్చి, మన జనం పెద్దగా పట్టించుకోక ఆగిపోయిన 150 సీసీ బండి. అదే ఎందుకురా అంటే, "మావయ్యా, దానికి కార్బురేటరు. అడవిలో మొరాయించినా ఏ మెకానికైనా విప్పి, ఊది, బిగించేస్తాడు. ఎఫ్ఐ బండైతే వ్యాను మాట్లాడుకుని ఎక్కించుకు రావాల్సిందే" అన్నాడు. ఎవరో వీడియోలో చెప్పారట. కార్బురేటరంటే గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కు అందించే పాత పద్ధతి. ఎఫ్ఐ, అంటే ఫ్యుయెల్ ఇంజెక్షన్, ఆ పనే ట్యాంకులోని పంపుతో, ఇంజెక్టర్‌తో, చిన్న కంప్యూటరు లెక్క ప్రకారం చేసే కొత్త పద్ధతి.

ఈ మాట కొత్తది కాదు. వైజాగ్‌లో టీ కొట్టు దగ్గర బళ్లు ఆపుకుని కబుర్లాడే ఏ గుంపులోనైనా వినిపిస్తుంది. తారురోడ్డూ మట్టిదారీ రెండూ తొక్కే బండి కొనాలనుకునేవాడికి మొదట అందే సలహా ఇదే. చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, నమ్మే చెబుతున్నారు. కాకపోతే ఆ నమ్మకం ఎప్పటిదో. మన ఏజెన్సీ దారుల్లో బళ్లు ఈ రోజున ఎందుకు ఆగుతున్నాయో చూస్తే ఆ సలహాకు కాలం చెల్లిందనే నాకు అనిపిస్తుంది.

ఎడమ మలుపుల్లోనే ఆగే బండి

నాది రెండు వందల సీసీ ఎఫ్ఐ బండి. ముందు 21 అంగుళాల చక్రం, వెనక 18. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నర్సీపట్నం మీదుగా లంబసింగి ఎక్కి, చింతపల్లి, గూడెం కొత్తవీధి దాటి సీలేరు వైపు పోవడం నాకు అలవాటైన దారి. ఒక వర్షాకాలం చివర్లో దానికో జబ్బు పట్టుకుంది. తిన్నటి రోడ్డు మీద ఎంతసేపైనా చక్కగా పోతుంది. ఘాట్‌లో మలుపు తిప్పగానే ఒక్క క్షణం ప్రాణం పోయినట్టు ఇంజన్ ఆగి, మళ్లీ కుదుపుతో అందుకుంటుంది. ఎక్కుతూ ఉంటే ఫరవాలేదు. దిగేటప్పుడు, అదీ తడి రోడ్డు మీద, పక్కన లోయ పెట్టుకుని ఆ కుదుపు వస్తే గుండె గొంతులోకి వస్తుంది.

సిటీలో ఒక సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. ల్యాప్‌టాప్ తగిలించి చూశారు, తప్పు ఏమీ నమోదు కాలేదన్నారు. ముందు థ్రాటిల్ బాడీ శుభ్రం చేశారు, తగ్గలేదు. "ఎఫ్ఐ బండి కదా సార్, పెట్రోలు పంపు మార్చి చూద్దాం" అన్నారు. ఆ "చూద్దాం" ఖరీదు వేలల్లో ఉంది. వద్దని వచ్చేశాను.

జబ్బు కనిపెట్టింది చింతపల్లిలో రోడ్డు పక్క రేకుల షెడ్డు వేసుకున్న మెకానిక్. అతను నన్ను ఒకటే అడిగాడు: "ఏ పక్క తిప్పితే ఆగుతుంది సార్?" అప్పుడు తట్టింది, అన్నీ ఎడమ మలుపులే. ఇంజన్ ఐడిల్‌లో పెట్టి హ్యాండిల్‌ను మెల్లగా కుడివైపు చివరిదాకా తిప్పాడు. ఏమీ కాలేదు. ఎడమవైపు తిప్పాడు. సగం దాటాక ఇంజన్ ఠక్కున ఆగింది. వెనక్కి తెచ్చి స్టార్ట్ చేసి మళ్లీ తిప్పాడు. సరిగ్గా అక్కడే ఆగింది.

హెడ్‌లైట్ విప్పి, వైర్ల కట్టను బయటికి లాగి, ఒక్కో వైరునూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కుకుంటూ పోయాడు. ఇగ్నిషన్ స్విచ్చి నుంచి వచ్చే వైరు ఒకచోట మెత్తగా, ఎముక లేనట్టు వంగింది. పైన తొడుగు బాగానే ఉంది, లోపల రాగి తీగలు తెగిపోయి ఒకటో రెండో పోగులు మిగిలాయి. నాకంటే ముందు ఆ బండి వాడినాయన అదనపు లైట్లు పెట్టించుకున్నాడు. వాటి వైరును అసలు వైర్ల కట్టతో కలిపి ఎవరో ప్లాస్టిక్ టైతో గట్టిగా బిగించేశారు. హ్యాండిల్ ఎడమకు తిరిగిన ప్రతిసారీ ఆ కట్ట సాగుతూ, తిరగనప్పుడు ముడుచుకుంటూ, చివరికి తెగింది. టై కోసేసి, తెగినచోట చిన్న ముక్క వేసి అతికి, టేపు చుట్టి, ఈసారి కాస్త వదులుగా కట్టాడు. పంపు జోలికి పోలేదు. అతను తీసుకున్న డబ్బు చెబితే సర్వీస్ సెంటర్ వాళ్లు నవ్వుతారు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, అదే వైరు కార్బురేటర్ బండిలో తెగినా జరిగేది అదే. ప్లగ్గుకు కరెంటు అందదు, బండి ఆగుతుంది. అప్పుడు మాత్రం ఎవరూ "కార్బురేటర్ బండి కదా సార్" అనరు. వైరు చూస్తారు. ఎఫ్ఐ అన్న రెండక్షరాలు బండి మీద ఉండేసరికి మనవాళ్లు మామూలుగా చూసేవి కూడా చూడటం మానేస్తున్నారు.

పడ్డాక తాళం తిప్పాలి

పాడేరు దగ్గర వంజంగి కొండకు మబ్బులు చూడటానికి తెల్లారకముందే జనం పోతుంటారు. వర్షం పడ్డాక అలాంటి కొండదారుల్లో ఎర్రమట్టి సబ్బులా జారుతుంది. అక్కడొక కుర్రాడు కొత్త బండిని పక్కకు పడేశాడు. దెబ్బలేమీ తగల్లేదు. నలుగురం పట్టి లేపాం. ఇక స్టార్ట్ అవదు. సెల్ఫ్ నొక్కుతున్నాడు, నొక్కుతున్నాడు. మోటారు తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు. చుట్టూ చేరినవాళ్లలో ఒకరు ఎఫ్ఐలోకి నీళ్లు పోయాయన్నారు, ఇంకొకరు బండి కంప్యూటరు ఈసీయూ పోయిందన్నారు. ఈలోగా బ్యాటరీ నీరసించి మోటారు మూలగడం మొదలుపెట్టింది.

అప్పుడే పైనుంచి దిగుతున్న ఒకాయన ఆగి, తాళం ఆపేయమన్నాడు. కాస్త ఆగి మళ్లీ తిప్పమన్నాడు. తాళం తిప్పగానే ట్యాంకులోంచి పంపు "జుయ్"మని రెండు మూడు క్షణాలు మోగి ఆగింది. "ఇప్పుడు నొక్కు" అన్నాడు. ఇంజన్ అందుకుంది.

చాలా ఎఫ్ఐ బళ్లలో బండి ఒక పక్కకు మరీ ఒరిగితే ఇంజన్‌నూ పంపునూ ఆపేసే సెన్సర్ ఉంటుంది. కింద పడ్డ బండి చక్రం తిరుగుతూ మనిషిని గాయపరచకుండా, పెట్రోలు చిమ్మి నిప్పంటుకోకుండా పెట్టిన ఏర్పాటు అది. బండిని నిలబెట్టినంత మాత్రాన చాలా వాటిలో అది మళ్లీ దారి ఇవ్వదు. తాళం ఒకసారి ఆపి తిప్పాలి. షోరూంలో బండి ఇచ్చేటప్పుడు కొబ్బరికాయ కొట్టిస్తారు, ఫొటో తీస్తారు, ఈ ఒక్క ముక్క చెప్పరు.

సైడ్ స్టాండ్ స్విచ్చిది ఇంకో కథ. స్టాండ్ వేసి ఉండగా గేరు వేస్తే ఇంజన్ ఆగిపోయేలా పెట్టిన చిన్న స్విచ్చి అది, ఉండేది సరిగ్గా ముందుచక్రం బురద చిమ్మేచోట. బురద ఎండి గట్టిపడితే స్టాండ్ తీసినా తీయనట్టే అనుకుంటుంది. న్యూట్రల్‌లో ఇంజన్ హాయిగా ఆడుతుంది, గేరు వేయగానే ఛస్తుంది. ఆ లక్షణం కనబడితే విప్పాల్సింది ఇంజన్ కాదు, సీసాలో నీళ్లు తీసుకుని స్టాండ్ మొదట్లో పోసి, నాలుగుసార్లు కిందికీ పైకీ ఆడించాలి. అలాగే హ్యాండిల్ మీద ఇంజన్ ఆపే ఎర్రటి కిల్ స్విచ్చి. గ్లవ్స్ వేసుకున్న చేతికి తగిలి ఆఫ్ అవుతుంది, ఎవరూ చూడరు. నేను బండి ఆగితే ముందు ఇవే చూస్తాను, తర్వాత పంపు మోత వింటాను, ఆ తర్వాతే ప్లగ్గు క్యాప్ మీద చెయ్యి వేస్తాను. పంపు మోగిందంటే తాళం నుంచి ట్యాంకుదాకా కరెంటు వస్తోందన్నమాట. అంటే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి. కార్బురేటర్ బండి ఇంత మాత్రం కూడా నోరు విప్పి చెప్పదు.

అన్నట్టు, వీటన్నిటికంటే ఎక్కువగా బళ్లను ఆపేది పంచరు. ముందు 21 అంగుళాల చక్రానికి ట్యూబు ఏజెన్సీ పంచరు షాపుల్లో దొరకదు. అక్కడ తిరిగే బళ్లకు అది లేదు కాబట్టి వాళ్లు పెట్టుకోరు. సంచిలో 21 ట్యూబు ఒకటి ఉంటే అవసరానికి వెనక 18 చక్రంలో కూడా మడిచి తోసి ఇల్లు చేరొచ్చు. ఎఫ్ఐ మీద గంటసేపు ఉపన్యాసం ఇచ్చేవాళ్ల సంచి ఓసారి విప్పించి చూడండి, ట్యూబు ఉండదు.

లద్దాఖ్ వాదన మనకెందుకు

ఎఫ్ఐని వెనకేసుకొచ్చేవాళ్లు వెంటనే తీసే అస్త్రం లద్దాఖ్. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, కార్బురేటర్ మాత్రం పెట్రోలు ముందులాగే పోస్తుంది, ఇంజన్ ఉక్కిరిబిక్కిరవుతుంది. ఎఫ్ఐ అయితే గాలిని కొలిచి దానికి తగ్గట్టు తగ్గించుకుంటుంది. నిజమే. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 2016లో కార్బురేటర్‌తో వచ్చి, మరుసటి ఏడాదే ఎఫ్ఐకి మారింది. కానీ అది మారింది కొండలెక్కడానికి కాదు, 2017 ఏప్రిల్ నుంచి బీఎస్-4 కాలుష్య నిబంధనలు వచ్చాయి కాబట్టి. ఇక పాడేరు, లంబసింగి సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల అటూ ఇటూ. ఆ ఎత్తుకు సరిగ్గా ట్యూన్ చేసిన కార్బురేటర్ గింజుకోవాల్సిన పనేమీ లేదు. నా వాదన నిలబడటానికి లద్దాఖ్ అరువు తెచ్చుకోనక్కర్లేదు.

మన దగ్గర పనికొచ్చే పోలిక గెడ్డల దగ్గర ఉంది. వర్షాకాలంలో చప్టా మీద మోకాలిలోతు నీళ్లు పారుతుంటాయి. కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నెకు గాలి ఆడటానికి సన్నటి రబ్బరు గొట్టాలు ఉంటాయి, చాలా బళ్లలో అవి కిందికి వేలాడుతాయి. వాటి కొసలు నీళ్లలో మునిగితే గిన్నెలోకి గాలి పోదు, పెట్రోలు పారదు, ప్రవాహం మధ్యలో ఇంజన్ ఆగుతుంది. అమెరికాలో 1996 నుంచి కార్బురేటర్‌తోనే అమ్ముడైన సుజుకీ డీఆర్650 యజమానులు ఆ గొట్టానికి మధ్యలో టీ ఆకారం ముక్క తగిలించి, ఒక కొసను ట్యాంకు కిందికి ఎత్తిపెట్టుకుంటారు. బండి కొన్నాక చేసుకునే మొదటి పనుల్లో అదొకటి. ఎఫ్ఐకి ఆ గొట్టమూ లేదు, ఆ బెడదా లేదు. గాలి పీల్చే చోటు దాకా నీళ్లు వస్తే రెండూ ఒకటే. అప్పుడు సెల్ఫ్ నొక్కకూడదు, ప్లగ్గు విప్పి నీళ్లు బయటికి కొట్టించాలి. లేకపోతే ఇంజన్ లోపలి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ఇంకోటి, ఈ రకం బళ్లు చాలా ఇళ్లలో రెండో బండి. ఆఫీసుకు స్కూటర్, సెలవుకు ఇది. మధ్యలో వారాల తరబడి నిలబడే ఉంటుంది. గిన్నెలో నిలిచిన పెట్రోలు ఆవిరై, మిగిలిన జిగురు పైలట్ జెట్ అనే సన్నటి పెట్రోలు దారిని పూడ్చేస్తుంది. దాని రంధ్రం వెంట్రుకంత. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిపిన పెట్రోలు, అది తేమను కూడా పీల్చుకుంటుంది. "విప్పి ఊది బిగించేయొచ్చు" అని గొప్పగా చెప్పుకునే పని, అసలు అన్నిసార్లు విప్పాల్సి రావడమేమిటని ఎవరూ అడగరు.

అసలు భయపడాల్సినవి

ఇంతదాకా చెప్పాక, మా మేనల్లుడి భయం ఉత్తదని తేల్చేస్తే అన్యాయం. మూడు చోట్ల వాడిదే పైచేయి.

మొదటిది, పెట్రోల్లో నీళ్లు. గూడెం కొత్తవీధి దాటాక బంకులు దూరం. కిరాణా కొట్లో లీటరు కూల్‌డ్రింకు సీసాల్లో పోసి అమ్ముతారు. ఒకసారి వానలో అలాంటి కొట్టు దగ్గర ఆగాను. కొట్టామె సీసా ఇవ్వబోయి, తనే వెలుతురుకు ఎత్తి, కాస్త వంచి చూసింది. అడుగున వేలెడంత మందంలో రంగు తేడాగా ఇంకో పొర, సీసా కదిలిస్తే పై పెట్రోలుతో కలవకుండా విడిగా ఊగుతోంది. "నీళ్లు దిగినట్టున్నాయి బాబూ, ఇది వద్దు" అని పక్కన పెట్టి ఇంకోటి ఇచ్చింది. ఆవిడ చూడకపోతే అది నా ట్యాంకులోకి పోయేది. నీళ్లు బరువు కాబట్టి అడుక్కి చేరతాయి, ఎఫ్ఐ పంపు పీల్చేదీ అడుగునుంచే. ట్యాంకు దించి పారబోయడం తప్ప దారి లేదు, అదీ వానలో, రోడ్డు పక్కన. కార్బురేటర్ బండికైతే గిన్నె అడుగున ఒక స్క్రూ ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో కాస్త వదులు చేస్తే నీళ్లు కారిపోతాయి. ట్యాంకులో ఇంకా నీళ్లుంటే మళ్లీ మళ్లీ చేయాల్సి వస్తుందనుకోండి, అయినా ఆ వెసులుబాటు వెసులుబాటే.

రెండోది పంపు. అది నిజంగానే కాలిపోతే రోడ్డు మీద చేయగలిగిందేమీ లేదు. కార్బురేటర్‌కు చాలా బళ్లలో పంపే ఉండదు, ట్యాంకు పైన ఉంది, పెట్రోలు కిందికి పారుతుంది, అంతే. పంపును చల్లగా ఉంచేది దాని చుట్టూ ఉన్న పెట్రోలే, అందుకే నేను ట్యాంకు రిజర్వ్‌లో ఈడ్చే అలవాటు పెట్టుకోలేదు.

మూడోది బ్యాటరీ. పూర్తిగా చచ్చిన బ్యాటరీతో ఎఫ్ఐ బండిని ఏటవాలులో తోసి గేరులో వదిలినా లేవదు. పంపుకూ, ఈసీయూకూ, ఇంజెక్టర్‌కూ కాస్తయినా కరెంటు కావాలి. పాత స్ప్లెండర్‌ను బ్యాటరీ లేకుండా కిక్కు కొట్టి ఏళ్ల తరబడి నడిపినవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. కానీ అది ఆ బండి ఇగ్నిషన్ గొప్పతనం, కార్బురేటర్ గొప్పతనం కాదు. ఇగ్నిషన్ కూడా బ్యాటరీ మీదే ఆధారపడే కార్బురేటర్ బళ్లు బోలెడు వచ్చాయి, బ్యాటరీ పోతే అవీ నిలబడిపోతాయి.

ఈ మూడూ నన్ను భయపెట్టవని అనను. సీలేరు దాటి డొంకరాయి వైపు అడవిలో ఫోన్ సిగ్నల్ లేని చోట బండి ఆపి నీళ్లు తాగుతున్నప్పుడు, మళ్లీ తాళం తిప్పేముందు పంపు మోత కోసం చెవి రిక్కిస్తాను. అది వినపడేదాకా టెన్షనే.

మెకానిక్ చెయ్యి ఎటు మళ్లింది

"ఏ మెకానికైనా బాగుచేస్తాడు" అన్న మాటలో అసలు బలం మెకానిక్‌ది. అక్కడే ఆ మాట ఎక్కువ పాతబడింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చాక స్ప్లెండర్ కూడా ఎఫ్ఐయే. చింతపల్లి సంతకు మిరియాల బస్తా కట్టుకుని వచ్చే బండీ, టీచరుగారు కొండమీది బడికి పోయే బండీ ఇప్పుడు ఎఫ్ఐవే. నా వైరు పట్టుకున్న మెకానిక్ రోజూ చేతులు పెట్టేది వాటిలోనే. అతని షెడ్డులో నేను కూర్చున్నంతసేపూ వచ్చినవి సైడ్ స్టాండ్ స్విచ్చి, క్లచ్ కేబులు, ఊడిపోయిన ప్లగ్గు క్యాపు. కార్బురేటర్ ఒక్కటీ రాలేదు. అతని దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు పంపు మోత విని చెప్పగలడు గానీ ఇంపల్స్ కార్బురేటర్ విప్పమంటే గురువుగారిని పిలవాల్సిందే. ఆ బండి ఆగిపోయి ఏళ్లయింది కదా, ఇక దాని సామాను ఏజెన్సీలో ఎవరు పెట్టుకుంటారు?

ఎఫ్ఐ బండ్లతో నాకున్న తగువు వేరే. అది యంత్రంతో కాదు, తయారీదారులతో. మీటర్లో ఇంజన్ బొమ్మ లైటు వెలిగితే దాని వెనక ఒక కోడ్ ఉంటుంది. కొన్ని బళ్లలో ఆ లైటు పొడుగ్గా ఇన్ని, పొట్టిగా ఇన్ని మినుకులు మినుకుతూ ఆ కోడ్‌ను తనే చెబుతుంది. అర్థం తెలిస్తే ఉష్ణోగ్రత సెన్సరా, ఆక్సిజన్ సెన్సరా, ఇంటిదాకా పోవచ్చా, ఇక్కడే ఆగాలా అన్నది రోడ్డు మీదే తెలుస్తుంది. నా బండి మాన్యువల్లో ఆ లైటు గురించి ఉన్నది ఒకే వాక్యం: వెలిగితే డీలరును సంప్రదించండి. సీలేరులో డీలరెక్కడ?

2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కొన్న వస్తువును నచ్చినచోట బాగుచేయించుకునే హక్కు (రైట్ టు రిపేర్) మీద ఒక కమిటీ వేసింది, ఆ ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచింది. సెల్‌ఫోన్లు, వ్యవసాయ యంత్రాలతో పాటు వాహనాలూ ఆ జాబితాలో ఉన్నాయి. పోర్టల్ ఎవరు చూస్తారన్నది వేరే సంగతి. కోడ్‌ల పట్టిక మాన్యువల్ చివర రెండు పేజీలు, తెలుగులో, వేయడానికి కంపెనీకి అయ్యే ఖర్చు కాగితం ఖర్చే. అది వేస్తే చింతపల్లి షెడ్డులోని అతను ఆన్‌లైన్‌లో చవకగా దొరికే చిన్న స్కానర్ ఒకటి కొనుక్కుని, ల్యాప్‌టాప్ తగిలించిన సర్వీస్ సెంటర్ కంటే బాగా పని చేస్తాడు. కార్బురేటర్ కావాలని కోరుకునేవాళ్లంతా కలిసి ముందు ఆ రెండు పేజీలు అడిగితే బాగుండును. నేను మా కంపెనీ కస్టమర్ కేర్‌కు రాశాను. దగ్గర్లోని డీలరును సంప్రదించమని జవాబు వచ్చింది.